స్కాన్ నార్మల్ అని వచ్చింది, మరి మా చెల్లెలిది నాటకమేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు దగ్గర ఒక ఊరు. మా చెల్లెలికి 29 ఏళ్లు. పెళ్లై నాలుగేళ్లయింది, హైదరాబాద్‌లో ఉంటారు. ఏడాదిన్నరగా దానికి ఏదో అవుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయి ఎటో చూస్తూ ఉండిపోతుంది. పిలిచినా పలకదు. పది నిమిషాలకో అరగంటకో తేరుకుని, మధ్యలో ఏం జరిగిందో తెలీదంటుంది. ఒకసారి సంచీ నిండా కూరగాయలతో ఇంటికొచ్చి, అవి ఎప్పుడు కొన్నానో గుర్తులేదంది. "అక్కా, ఈ చేతులు నావి కానట్టున్నాయి, నన్ను నేనే పక్కన నిలబడి చూస్తున్నట్టుంది" అంటుంది. పోయినేడు మా నాన్న చనిపోతే దానికి కన్నీటిచుక్క రాలేదు. రాతిగుండె అని అందరూ అన్నారు.

న్యూరాలజిస్టు ఎమ్మారై, మెదడు విద్యుత్ తరంగాలు చూసే ఈఈజీ తీయించారు. రెండూ నార్మల్. తర్వాత సైకియాట్రిస్టు చూసి డిసోసియేటివ్ డిజార్డర్ అని రాశారు. "స్కాన్‌లో ఏమీ లేదన్నారుగా, ఇదంతా నాటకం" అంటాడు మా మరిది, అంటే దాని భర్త. వాళ్లమ్మగారేమో గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. నేను ఇంటర్నెట్‌లో చదివితే ఈ జబ్బున్నవాళ్ల మెదడులో హిప్పోక్యాంపస్, అమిగ్డాలా అనే భాగాలు చిన్నవిగా ఉంటాయని ఉంది. వాటిని కొలిచే స్కాన్ తీయిస్తే నాటకం కాదని రుజువవుతుందా? రుజువైతే మాత్రం, మెదడు దెబ్బతిన్న పిల్ల అని విడాకులు అడుగుతారేమోనని ఇంకో భయం. చిన్నది అయిన మెదడు మళ్లీ మామూలవుతుందా? ఇంకో మాట. చిన్నప్పుడు అది మూడేళ్లు బంధువులింట్లో ఉండి చదువుకుంది. అక్కడి సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోతుంది. – ఒక అక్క

సమాధానం: అమ్మా, మీ చెల్లెలిది నాటకం కాదు. ఆ మాట చెప్పడానికి నాకు ఇంకో స్కాన్ అక్కర్లేదు. మీకూ అక్కర్లేదు. మీరు రాసిన లక్షణాలు, చేతులు నావి కానట్టు అనిపించడం, తనను తనే పక్కనుంచి చూసుకోవడం, మధ్యలో కొంత సమయం పూర్తిగా మాయమైపోవడం, డిసోసియేషన్‌లో, అంటే మనసు తన శరీరం నుంచీ జ్ఞాపకాల నుంచీ భావాల నుంచీ తెగిపోయినట్టయ్యే స్థితిలో, ఎన్నో దేశాల పేషెంట్లు ఇంచుమించు ఇవే మాటల్లో చెప్పేవి. మీ చెల్లెలు వైద్య పుస్తకాలు చదివి చెప్పలేదు కదా.

మీరు చదివింది అబద్ధం కాదు. కానీ అందులో సగమే మీ చేతికందింది. ఆ సగాన్ని పట్టుకుని స్కాన్ సెంటరుకు వెళితే మీరు కోరుకున్నదానికి సరిగ్గా ఎదురు జరిగే ప్రమాదం ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ విషయంలో అందరూ ఎత్తిచూపే పరిశోధన 2006లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చింది. ఎరిక్ వెర్మెటెన్, డగ్లస్ బ్రెమ్నర్ తదితరులు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ ఉన్న 15 మంది మహిళలకు, ఏ జబ్బూ లేని 23 మంది మహిళలకు ఎమ్మారై తీసి పోల్చారు. జ్ఞాపకాలను అల్లిపెట్టే హిప్పోక్యాంపస్ పేషెంట్లలో సగటున 19.2 శాతం చిన్నదిగా ఉంది. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా 31.6 శాతం చిన్నదిగా ఉంది. మీరు చూసిన పేజీలో ఉన్నవి బహుశా ఈ అంకెలే.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటే ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు వచ్చి పోతుండటం. డిసోసియేటివ్ జబ్బుల కుటుంబంలో అదొకటి, అన్నిటికన్నా తీవ్రమైనది. మీ ఉత్తరంలో ఆ లక్షణాలేవీ లేవు. కాబట్టి ఆ 15 మంది మెదళ్ల కొలతలు మీ చెల్లెలికి నేరుగా వర్తించవు. రెండోది, పోల్చిన ఆరోగ్యవంతులు చిన్నప్పుడు హింస అనుభవించినవాళ్లు కారు, వయసులో కూడా పేషెంట్లకన్నా చిన్నవాళ్లు. అంటే కనబడిన తేడా డిసోసియేషన్ వల్లా, చిన్ననాటి హింస వల్లా, వయసు వల్లా, ఏది ఎంత అన్నది ఆ ఒక్క పరిశోధనతో విడదీయలేం.

2008లో జర్మనీలో వెనిగర్ అనే పరిశోధకుడి బృందం దీన్ని ఇంకోలా చూసింది. చిన్నప్పుడు హింసకు గురైన మహిళలనే తీసుకున్నారు. వాళ్లలో పీటీఎస్‌డీ ఉన్నవాళ్లను, అంటే ఆ గాయం మాటిమాటికీ కళ్లముందు తిరిగి జరుగుతున్నట్టు బాధపడేవాళ్లను, ఒక గుంపు చేశారు. జ్ఞాపకం పోవడం, వ్యక్తిత్వం మారడం లాంటి డిసోసియేటివ్ జబ్బు ఉన్నవాళ్లను ఇంకో గుంపు చేశారు. హిప్పోక్యాంపస్, అమిగ్డాలా చిన్నవిగా కనబడింది పీటీఎస్‌డీ గుంపులో. డిసోసియేటివ్ గుంపులో ఆ భాగాలు ఆరోగ్యవంతులకు ఉన్నట్టే ఉన్నాయి. చూశారా, రెండు పరిశోధనలు రెండు మాటలు చెప్పాయి. మెదడు కొలత మీద మీ చెల్లెలి నిజాయితీని నిలబెట్టాలనుకుంటే, కాళ్లకింద నేల అంత గట్టిగా లేదన్నమాట.

పోనీ 2006 నాటి అంకెలనే నమ్ముదాం. అయినా ఎమ్మారై రిపోర్టులో అవి ఎందుకు కనబడవు? రేడియాలజిస్టు ఆ ఫిల్ములు ఎలా చూస్తారో చెబితే మీకే అర్థమవుతుంది. మెదడును పలచటి పొరలుగా తీసిన బొమ్మలను స్క్రీన్ మీద ఒకదాని తర్వాత ఒకటి జరుపుకుంటూ కంటితోనే చూస్తారు. గడ్డ ఉందా, రక్తం చిమ్మిందా, రక్తనాళం పూడి ఎక్కడైనా దెబ్బతిందా, ఫిట్స్‌కు కారణమయ్యేలా హిప్పోక్యాంపస్ గట్టిపడి కుంచించుకుపోయిందా, ఇవీ ఆయన వెతికేవి. ఇవేవీ లేకపోతే నార్మల్ అని రాస్తారు. హిప్పోక్యాంపస్ ఒక్కోవైపు 3 మిల్లీలీటర్ల చుట్టుపక్కల ఉండే చిన్న భాగం. అందులో 19 శాతమంటే అరమిల్లీలీటరు పైన. ఏ జబ్బూ లేని ఇద్దరు మనుషుల మధ్యే అంతకన్నా ఎక్కువ తేడా ఉండవచ్చు. పరిశోధనల్లో ఈ కొలతలు కంటితో తీయరు. ప్రతి పొర మీదా ఆ భాగం అంచుల వెంట గీత గీసి, లేదా సాఫ్ట్‌వేర్‌తో గీయించి, మొత్తం తల పరిమాణంతో సరిచూసి లెక్కగడతారు. కాబట్టి "నార్మల్" అన్న మాటకు అర్థం "కంటికి కనబడే పెద్ద జబ్బేదీ మెదడులో లేదు" అని. "ఈ అమ్మాయికి ఏ బాధా లేదు" అని ఏ రేడియాలజిస్టూ రాయలేదు, రాయరు కూడా.

సరే, కొలిచే స్కానే తీయిద్దామంటారా? ఒక స్కూల్లో ఎ సెక్షన్ సగటు 72, బి సెక్షన్ సగటు 64 అనుకోండి. ఎవరో ఒక పిల్లవాడికి 68 వచ్చాయని చెప్పి, వీడు ఏ సెక్షనో చెప్పమంటే చెప్పగలమా? పరిశోధనల్లో ఉన్నవి రెండు గుంపుల సగటులు. గుంపుల మధ్య తేడా నిజమే కావచ్చు, కానీ ఒక్క మనిషిని చూసి ఇటో అటో తేల్చడానికి అది సరిపోదు. పైగా హిప్పోక్యాంపస్ సగటున చిన్నదిగా కనబడటం డిప్రెషన్‌లోనూ ఉంది, పీటీఎస్‌డీలోనూ ఉంది, స్కిజోఫ్రీనియాలోనూ ఉంది, ఏళ్ల తరబడి తాగేవాళ్లలోనూ ఉంది. రేపు మీ చెల్లెలి కొలత తక్కువ వచ్చినా అది ఏ జబ్బు వల్లో చెప్పలేం. అసలు పుట్టుకతోనే అంత ఉందేమో కూడా చెప్పలేం.

యంత్రంతో గుర్తించే ప్రయత్నాలూ జరిగాయి. లండన్‌లో పనిచేసే సిమోన్ రైండర్స్ బృందం 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రచురించిన పనిలో డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ ఉన్న 32 మంది, ఆరోగ్యవంతులైన 43 మంది మెదడు బొమ్మలను కంప్యూటరుకు నేర్పించి, ఎవరు ఎవరో చెప్పమన్నారు. 73 శాతం సరిగ్గా చెప్పింది. ఏళ్లకేళ్లు "మీది అబద్ధం" అనిపించుకున్న పేషెంట్లకు అది చాలా పెద్ద వార్త. ఆ జబ్బు ఊహల్లో పుట్టింది కాదని, మెదడు నిర్మాణంలో దాని ఆనవాలు ఉందని అది చెప్పింది. అదే పనిని మీ అవసరం దగ్గర పెట్టి చూడండి. నలుగురిలో ఒకరి విషయంలో తప్పు. ఇంకా ముఖ్యం, అది పోల్చింది ఆరోగ్యవంతులతో. డాక్టరు ముందుండే అసలు ప్రశ్న వేరు: ఇది డిసోసియేషనా, డిప్రెషనా, పీటీఎస్‌డీనా, ఫిట్సా? ఆ ప్రశ్న ఆ కంప్యూటరును ఎవరూ అడగలేదు. డిసోసియేటివ్ డిజార్డర్‌ను నిర్ధారించడానికి పనికొచ్చే మెదడు స్కాన్ ఈరోజుకీ లేదు. ఎవరైనా ఉందని డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇప్పుడు మీరు అడిగిన దానికన్నా మీకు ఎక్కువ పనికొచ్చే విషయానికి వస్తాను. మెదడు భాగం ఎంత ఉంది అన్నది ఒక ప్రశ్న. అది ఎలా పనిచేస్తోంది అన్నది ఇంకో ప్రశ్న. డిసోసియేషన్ గురించి మనకు బాగా వెలుగు వచ్చింది రెండోదాని దగ్గరే.

మీ నాన్నగారు పోయినప్పుడు ఆ అమ్మాయికి కన్నీళ్లు రాలేదన్నారు. ఉత్తరమంతటిలో నన్ను బాగా కదిలించింది ఆ వాక్యమే. ఎందుకంటే అందరూ ఆమెను తప్పుపట్టింది జబ్బు లక్షణానికి. 1998లో సియెరా, బెరియోస్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు ఒక ప్రతిపాదన చేశారు. తట్టుకోలేనంత భయం, బాధ ఎదురైనప్పుడు మెదడు ముందుభాగం భావోద్వేగాలను పుట్టించే భాగాలను గట్టిగా అణిచిపెడుతుందని, అప్పుడు మనిషికి తన శరీరం మీద, చుట్టూ ఉన్న ప్రపంచం మీద "ఇది నాది" అన్న స్పర్శ పోతుందని. 2001లో లండన్‌లో మేరీ ఫిలిప్స్ బృందం దీన్ని స్కానర్‌లోనే చూసింది. తమనుంచి తామే విడిపోయినట్టు అనిపించే జబ్బు ఉన్నవాళ్లకు జుగుప్స పుట్టించే ఫొటోలు చూపించారు. మామూలు మనిషిలో ఆ క్షణాన ఇన్సులా అనే భాగం చురుగ్గా పనిచేస్తుంది. కడుపులో తిప్పినట్టు, గుండె జారినట్టు అనిపించే శరీర స్పందనలకు అది ముఖ్యమైన చోటు. ఈ పేషెంట్లలో అది స్పందించలేదు. దాని బదులు, భావాలను అదుపుచేసే ముందుభాగం చురుగ్గా కనబడింది. కెనడాలో రూత్ లానియస్ బృందం పీటీఎస్‌డీ పేషెంట్ల మీద చేసిన పనిలోనూ ఇలాంటిదే తేలింది. గాయాన్ని గుర్తుచేస్తే ఎక్కువమందికి గుండె దడదడలాడి, అమిగ్డాలా రేగిపోతుంది. కొంతమందికి మాత్రం గుండె వేగం పెద్దగా పెరగదు. ముందుభాగం అతిగా అదుపుచేస్తుంది, మనిషి మొద్దుబారిపోతాడు. ఈ రెండో రకాన్ని 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే తమ మాన్యువల్ ఐదో కూర్పులో విడిగా గుర్తించింది.

కాబట్టి అమ్మా, మీ చెల్లెలికి తండ్రి మీద ప్రేమ లేక కన్నీళ్లు రాకపోవడం కాదు. ఆ దుఃఖం ఆమె దాకా చేరకుండా మెదడు అడ్డుపడి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఈ మాట ఆమెకు చెప్పండి. ఏడాదిగా "నేను అంత చెడ్డదాన్నా, నాన్న పోతే కూడా ఏడవలేదు" అని లోపల్లోపల కుమిలిపోతూ ఉండవచ్చు. ఇలాంటి పేషెంట్లలో చాలామంది మాతో మొదట చెప్పుకునేది ఇదే.

నాటకం అన్న మాటకు సూటిగా జవాబిచ్చిన పరిశోధన కూడా ఉంది. రైండర్స్ బృందమే 2012లో చేసింది. డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ ఉన్న 11 మందిని తీసుకున్నారు. ఊహాశక్తి బాగా ఉన్న 10 మంది, అంతగా లేని 8 మంది ఆరోగ్యవంతులకు ఆ జబ్బును నటించడం నేర్పించారు. తర్వాత అందరికీ వాళ్లవాళ్ల జీవితంలోని బాధాకరమైన ఘటనను వినిపిస్తూ మెదడులో రక్తప్రసరణ, గుండె వేగం, బీపీ కొలిచారు. ఎంత ఊహాశక్తి ఉన్నవాళ్లు నటించినా పేషెంట్ల మెదడులో, శరీరంలో కనబడిన తీరు వాళ్లలో రాలేదు. చిన్న పరిశోధనే. మీ చెల్లెలి రకం జబ్బు మీద చేసింది కూడా కాదు. కానీ మీ మరిదికి చెప్పదగ్గ ఉదాహరణ.

ఇంకొకటి చెబుతాను. జర్మనీలో ఒకావిడ ప్రమాదం తర్వాత చూపు పోయి 15 ఏళ్లకు పైగా అంధురాలిగానే బతికింది. మానసిక చికిత్సలో ఆమెకు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని తేలింది. చికిత్స సాగుతుండగా ఆమెలోని కొన్ని వ్యక్తిత్వాలకు చూపు తిరిగొచ్చింది, మిగతావాటికి రాలేదు. కంటికి వెలుగు చూపించి మెదడు వెనుకభాగంలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని కొలిస్తే, చూపున్న స్థితిలో సంకేతం మామూలుగా వచ్చింది, చూపులేని స్థితిలో రాలేదు. ఇలా మారేదాన్ని మెదడు ఆకారాన్ని మాత్రమే తీసే ఎమ్మారై ఎలా పట్టుకుంటుంది?

మీ మూడో ప్రశ్న, చిన్నదైతే మళ్లీ మామూలవుతుందా అన్నది. ముందు ఆ అమ్మాయి హిప్పోక్యాంపస్ చిన్నదైందనే మనకు తెలీదు. ఆ భయాన్ని ఇప్పుడే దింపేయండి. సాధారణ విషయంగా అడిగితే మాత్రం, "చిన్నది" అంటే "కణాలు చచ్చిపోయాయి" అని కాదు. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో బ్రూస్ మెక్‌యూవెన్ ఏళ్ల తరబడి ఎలుకల మీద చేసిన పనిలో, రోజూ ఒత్తిడికి గురైన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కణాల కొమ్మలు కురచ అవుతాయని, ఒత్తిడి ఆపేస్తే అవి మళ్లీ పెరుగుతాయని తేలింది. ఎలుక ఎలుకే, మనిషి మనిషే. కానీ ఈ భాగానికి మారే గుణం ఉందన్నది గట్టి విషయం. నెదర్లాండ్స్‌లో ఏలింగ్, నియెన్‌హౌస్ తదితరులు 2008లో ప్రచురించిన చిన్న పరిశోధనలో డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ నుంచి కోలుకున్నవాళ్ల హిప్పోక్యాంపస్, ఇంకా జబ్బుతో ఉన్నవాళ్లకన్నా పెద్దదిగా కనబడింది. అయితే ఒకే మనిషిని చికిత్సకు ముందు, తర్వాత కొలిచింది కాదది. పెద్దదిగా ఉన్నవాళ్లే త్వరగా కోలుకున్నారేమో కూడా.

ఈ ముందా వెనకా అన్న చిక్కును బాగా చూపించింది 2002లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చిన కవల సోదరుల పరిశోధన. వియత్నాం యుద్ధానికి వెళ్లి పీటీఎస్‌డీతో తిరిగొచ్చినవాళ్లలో హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉంది. యుద్ధం మొహం చూడని, ఇంటి దగ్గరే ఉన్న వాళ్ల ఏకరూప కవల సోదరుల్లోనూ చిన్నదిగానే ఉంది. అంటే కొందరిలో అది గాయం వల్ల వచ్చిన నష్టం కాదు, పుట్టుకతో వచ్చిన తీరు. అలాంటివాళ్లకు అదే గాయం ఎక్కువ లోతుగా తగిలి ఉండవచ్చు. "మెదడు దెబ్బతింది" అన్న మాట మీ నోట రానివ్వొద్దని నేను అనడానికి ఇదే కారణం. శాస్త్రమే ఇంకా అంత మాట అనలేదు.

విడాకుల భయం గురించి. ఇందులో మీరు చూసుకోవలసింది ఒకటుంది. "హిప్పోక్యాంపస్ పరిమాణం తక్కువ" అని ఒక కాగితం మీ చేతికొస్తే, అది మీ చెల్లెలిని నమ్మడానికి ఉపయోగపడేకన్నా ఆమెను పక్కన పెట్టడానికి వాడుకునే వీలే ఎక్కువ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బును నిర్ణయించవలసింది ఐసీడీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన జబ్బుల వర్గీకరణ) లాంటి గుర్తింపు పొందిన వైద్య ప్రమాణాలతో. ఆ ప్రమాణాల్లో డిసోసియేటివ్ జబ్బులకు అడిగేది లక్షణాలు, వాటివల్ల జీవితం ఎంత చెదిరింది అన్నది. మెదడు కొలతలు అడగరు. ఆమె వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది. ఇక హిందూ వివాహ చట్టంలో మానసిక జబ్బు పేరుతో విడాకులు అడగాలంటే జబ్బు పేరొకటి ఉంటే చాలదు. భార్యతో కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రంగా ఉందని చూపించాలి. సుప్రీంకోర్టు 1988లోనే ఈ సంగతి తేల్చింది. అంతవరకూ రాకూడదని కోరుకుంటాను. వస్తే, మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తారు, ఆదాయంతో పనిలేదు.

వాళ్ల అత్తగారి తాయెత్తు విషయంలో గొడవ పడకండి. ఆవిడ భయంతో, తనకు తెలిసిన దారిలో చేశారు. మన దగ్గర పూనకం, గాలి అన్న మాటలు అందరికీ తెలిసినవి. బోనాల్లోనో జాతరలోనో పూనకం వచ్చి, అది అక్కడితో అయిపోయి, ఆ మనిషి మామూలుగా ఇంటికెళ్లి వంట చేసుకుంటే అది జబ్బు కాదు. ఐసీడీ పదకొండో కూర్పు కూడా మత, సాంస్కృతిక ఆచారంలో భాగంగా వచ్చేదాన్ని జబ్బుగా లెక్కించొద్దని స్పష్టంగా చెప్పింది. మీ చెల్లెలికి వచ్చేది అలాంటిది కాదు. తనకు ఇష్టం లేకుండా వస్తోంది, బతుకును చెదరగొడుతోంది. తాయెత్తు చేతికుంటే ఉండనివ్వండి, మందూ చికిత్సా ఆగకూడదు. కొట్టడం, పొగ పెట్టడం, తిండి మాన్పించడం లాంటిది ఎవరు మొదలుపెట్టినా మాత్రం వెంటనే ఆ ఇంట్లోంచి తీసుకొచ్చేయండి.

మీ మరిదితో ఎలా మాట్లాడాలి అన్నది మీరు అడగలేదు. కానీ అసలు అవసరం అక్కడే ఉందని నాకనిపిస్తోంది. స్కాన్ కాగితంతో అతన్ని ఒప్పించాలని చూడకండి. ఇలా చెప్పి చూడండి: "బాబూ, రిపోర్టు నార్మల్ వచ్చింది, అది మనకు మంచి వార్త. గడ్డలు, పక్షవాతం లాంటివి లేవని తేలింది. ఈ జబ్బు స్కాన్‌లో కనబడేది కాదని డాక్టరే అంటున్నారు. ఈసారి చూపించడానికి వెళ్లేటప్పుడు నువ్వూ రా. నీ అనుమానాలన్నీ ఆయన్నే అడుగు." నాటకం అనే మగవాళ్లలో చాలామంది లోపల భయపడి ఉంటారు. పిలిచినా పలకని భార్య పక్కన అరగంట కూర్చోవడం తేలిక కాదు. ఆ సమయంలో ఏం చేయాలో తెలిస్తే వాళ్లలో చాలామంది మారడం చూశాను.

ఏం చేయాలంటే, గట్టిగా అరవకండి, చెంపమీద కొట్టకండి, ఉల్లిపాయ వాసన చూపించడాలు, తాళాలు చేతిలో పెట్టడాలు వద్దు. జనాన్ని పోగుచేయకండి. స్టవ్ వెలుగుతుంటే ఆపేయండి. ఎదురుగా కాదు, కాస్త పక్కగా కూర్చుని మెల్లగా మాట్లాడండి. "నేను అక్కని. మనం మీ ఇంట్లోనే ఉన్నాం. ఇవాళ మంగళవారం. నీకేం కాదు" అని చెబుతూ ఉండండి. ముట్టుకోబోయే ముందు చెప్పండి, ఎందుకంటే ఆ క్షణంలో ఆ చెయ్యి ఎవరిదని ఆమెకు అనిపిస్తోందో మనకు తెలీదు. కొంచెం స్పందన వస్తుంటే అరికాళ్లు నేలకు ఆనించమనండి, చన్నీళ్ల గ్లాసు చేతికివ్వండి, గదిలో కనబడే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే చెప్పమనండి. తేరుకున్నాక "ఏమైంది, ఎందుకలా చేశావ్" అని విచారణ పెట్టకండి. మంచినీళ్లిచ్చి ఊరుకోండి. వంట ఒంటరిగా చేయడం, బండి నడపడం మాత్రం కొన్నాళ్లు తగ్గించాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

చికిత్స గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డిసోసియేషన్‌ను నేరుగా తగ్గించే మాత్ర లేదు. డిప్రెషన్, ఆందోళన, నిద్రలేమి తోడుగా ఉంటే వాటికి మందులిస్తారు, అవి అవసరమే. నిద్రమాత్రలు, టెన్షన్ మాత్రలు సొంతంగా మెడికల్ షాపులో కొని వేయకండి. అలవాటు పడటమే కాదు, మత్తువల్ల ఈ లక్షణాలు ఇంకా పెరగవచ్చు. అసలు చికిత్స మాటల చికిత్సే, దానికి ఒక వరస ఉంది. మొదట మనిషికి ఇప్పుడున్న చోట భద్రంగా ఉన్నాననిపించాలి, తేరుకునే పద్ధతులు రావాలి, నిద్ర కుదరాలి. ఆ తర్వాతే, అదీ ఆమె సిద్ధపడితేనే, పాత గాయం జోలికి వెళ్లాలి.

అందుకే ఆ బంధువులింటి మూడేళ్ల గురించి మీరు అడగడం ఆపేయండి. అక్కడ చెడు ఏదో జరిగిందని ముందే నిశ్చయించుకోకండి, ఏమీ జరగలేదని కొట్టిపారేయనూ వద్దు. "నువ్వు ఎప్పుడు చెప్పాలనుకుంటే అప్పుడు వింటాను, చెప్పకపోయినా పర్వాలేదు" అని ఒక్కసారి చెప్పి వదిలేయండి. హిప్నాటిజంతో మరిచిపోయినవన్నీ బయటికి తీస్తామనే వాళ్ల దగ్గరికి అసలు తీసుకెళ్లకండి. అలా తవ్వితే జరగనివి కూడా జరిగినట్టు గుర్తులు ఏర్పడగలవు, నిజంగా జరిగినవాటిని తట్టుకోలేక మనిషి కూలిపోనూవచ్చు. ఇప్పుడుంటున్న ఇంట్లో ఆమెను ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా అన్నది మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు నెమ్మదిగా కనుక్కోండి. బెదిరింపు కొనసాగుతున్న చోట ఏ చికిత్సా పనిచేయదు. అలాంటిదేమైనా ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మరి మళ్లీ పరీక్షలే వద్దా అంటే, అలా అనడం లేదు. ఒక్కసారి తీసిన ఈఈజీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని పూర్తిగా చెప్పలేం. శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, పిలిస్తే పలకకపోవడం, తర్వాత గుర్తులేకపోవడం కొన్నిరకాల మూర్ఛలోనూ ఉంటాయి. అయితే మూర్ఛలో అది మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో ముగుస్తుంది, మీరు రాసిన పది నిమిషాలు, అరగంట డిసోసియేషన్ వైపే చూపిస్తున్నాయి. ఈసారి అలా వచ్చినప్పుడు, ఆమె ముందే ఒప్పుకుని ఉంటే, మీరో మరిదో ఫోన్‌లో వీడియో తీయండి. కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, పెదాలు చప్పరిస్తోందా, చేతులతో ఏమైనా నలుపుతోందా, ఎంతసేపుంది, ఇవి కనబడాలి. న్యూరాలజిస్టుకు ఆ వీడియో ఇంకో ఎమ్మారై కన్నా ఎక్కువ చెబుతుంది. అనుమానముంటే ఆయన వీడియో ఈఈజీ, అంటే మనిషిని వీడియో తీస్తూ అదే సమయంలో ఈఈజీ తీసే పరీక్ష, రాస్తారు. నాలుక కొరుక్కోవడం, బట్టల్లో మూత్రం పోవడం, ఒకవైపు చెయ్యీ కాలూ బలహీనపడటం, జ్వరంతో పాటు ఇలా కావడం, వాంతులతో తలనొప్పి, ఇవి కొత్తగా వస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెళ్లండి.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లేలోపు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎప్పుడొచ్చింది, అంతకు ముందు ఏం జరిగింది, ముందురోజు ఎంతసేపు నిద్రపోయింది, నెలసరి తేదీలు, వేసుకున్న మందులు రాస్తూ పోండి. రాసేది ఆమె అయితే ఇంకా మంచిది. డాక్టరు గదిలోకి మొదట ఆమెను ఒక్కదాన్నే పంపండి. మీరు, మీ మరిది తర్వాత వెళ్లవచ్చు.